మెయిల్ ఫోల్డర్లు, ట్రీలు: మీరు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఏటా ప్రాజెక్టుల సీజన్ రాగానే హన్మకొండలోని మా చిన్న ఆఫీసుకు ఇంజనీరింగ్ పిల్లలు వస్తారు. "అన్నా, మెయిల్ అప్లికేషన్ చేస్తున్నం, ఫోల్డర్ల దగ్గర ఆగిపోయినం" అంటారు. బ్యాచ్ మారుతుంది కానీ డౌట్లు మారవు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇక రాసి పెట్టేద్దామని కూర్చున్నాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబును ఆ జవాబుగా చదువుకోవచ్చు. మీ పని ఎక్కడ ఆగిందో నేరుగా అక్కడికే పోండి.

ఉదాహరణలకు ఒక విత్తనాల వ్యాపారి మెయిల్‌బాక్స్ తీసుకున్నాను. డీలర్ల మెయిల్స్‌ను జిల్లాల వారీగా, మండలాల వారీగా ఫోల్డర్లలో పెట్టుకుంటాడు. మన జిల్లాల పేర్లు, హద్దులు ఎన్నిసార్లు మారాయో తెలిసిందే కాబట్టి ఫోల్డర్ల బాధ అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

## మొదలుపెట్టకముందు

అన్నా, ఫోల్డర్లకు ట్రీయే ఎందుకు? మామూలు లిస్టు సరిపోదా?

పది ఫోల్డర్లు పక్కపక్కనే ఉంటే లిస్టు చాలు. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టనిచ్చిన క్షణం నుంచి రెండు నియమాలు వచ్చి కూర్చుంటాయి. ఒకటి, అన్నింటికన్నా పైన ఉన్నది తప్ప ప్రతి ఫోల్డర్‌కూ ఒక్కటే పేరెంట్ (అది ఏ ఫోల్డర్ లోపల ఉందో ఆ ఫోల్డర్) ఉండాలి. రెండు, ఏ ఫోల్డరూ తిరిగి తిరిగి తన లోపలికే రాకూడదు. ఈ రెండూ పాటించేదాన్నే ట్రీ అంటారు. నర్సంపేట మండలం ఒకేసారి రెండు జిల్లాల్లో ఉండలేదు, జిల్లా వెళ్లి మండలం లోపల కూర్చోలేదు. అంతే సంగతి. మీరు వాడినా వాడకపోయినా ఆ డేటా ఆకారం ట్రీయే. దాన్ని లిస్టుగా దాచుకుంటే ఆ రెండు నియమాల్నీ కోడ్‌లో ప్రతిచోటా మీరే కాపలా కాయాలి.

సిలబస్‌లో బైనరీ సెర్చ్ ట్రీ ఉంది కదా, అదే వాడితే మార్కులు ఎక్కువొస్తాయా?

రావు. పైగా వైవాలో దొరికిపోతారు. బైనరీ ట్రీలో ఒక నోడ్‌కు రెండుకు మించి పిల్లలుండకూడదు (నోడ్ అంటే ట్రీలోని ఒక్కో అంశం, మనకైతే ఒక్కో ఫోల్డర్). ఇన్‌బాక్స్ కింద పదిహేను ఫోల్డర్లుంటే ఏం చేస్తారు? సెర్చ్ ట్రీలో చిన్నది ఎడమకు, పెద్దది కుడికి పోతుంది. ఫోల్డర్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది అక్షర క్రమం కాదు, దాన్ని పెట్టిన మనిషి. మీకు కావలసింది ఎంతమంది పిల్లలైనా ఉండగలిగే సాధారణ ట్రీ. బైనరీ మీద అంత మోజుంటే "మొదటి పిల్ల, పక్క తోబుట్టువు" అనే పద్ధతి ఉంది. ప్రతి నోడ్‌కు రెండే చేతులు: ఒకటి తన మొదటి పిల్లను చూపుతుంది, రెండోది తన పక్కనున్న తోబుట్టువును చూపుతుంది. ఎంత పెద్ద ట్రీ అయినా అలా బైనరీ రూపంలోకి వస్తుంది. కానీ డేటాబేస్‌లో దాచుకునే పనికి దానివల్ల లాభం లేదు.

మెయిల్స్ కూడా ట్రీలో నోడ్లేనా?

కాదు. ఇది నేను చూసే తప్పుల్లో రెండో స్థానంలో ఉంటుంది. ఫోల్డర్లది ఒక టేబుల్, మెయిల్స్‌ది ఇంకో టేబుల్. మెయిల్ వరుసలో అది ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే ఫోల్డర్ ఐడీ ఉంటే చాలు. అలా విడదీస్తే 40,000 మెయిల్స్ ఉన్న ఫోల్డర్‌ను ఇంకో చోటికి జరిపినా మెయిల్స్ టేబుల్‌ను ముట్టుకోనే అక్కర్లేదు. ఫోల్డర్ల టేబుల్‌లో ఒక్క గడి మారుతుంది.

జీమెయిల్‌లో ఫోల్డర్లు కాదు, లేబుళ్లు అంటారు. అది కూడా ట్రీయేనా?

సగం ట్రీ. 2004లో జీమెయిల్ వచ్చినప్పటి నుంచి అక్కడ మెయిల్‌కు ఎన్ని లేబుళ్లయినా అంటించొచ్చు. ఒకే మెయిల్ "బిల్లులు"లోనూ "నర్సంపేట"లోనూ కనిపిస్తుంది, ఉన్నది మాత్రం ఒకటే కాపీ. అంటే మెయిల్‌కూ లేబుల్‌కూ మధ్య సంబంధం ట్రీ కాదు. దానికి మూడో టేబుల్ కావాలి: మెయిల్ ఐడీ, లేబుల్ ఐడీ, అంతే. లేబుళ్లు మాత్రం తమలో తాము ట్రీలా కనిపిస్తాయి. లోపలి లేబుల్ అసలు పేరు "డీలర్లు/నర్సంపేట" అని స్లాష్‌తో కలిపి ఉంటుంది. తెర మీద దాన్ని విడదీసి మెట్లుగా చూపిస్తారు. మీ ప్రాజెక్టులో ఏది చేస్తున్నారో మొదటి రోజే తేల్చుకోండి. సగం దారిలో ఫోల్డర్ల నుంచి లేబుళ్లకు మారిన బ్యాచ్ ఒకటి డెమో ముందు రాత్రంతా మా ఆఫీసులోనే ఉంది.

## టేబుల్ వేసేటప్పుడు

టేబుల్‌లో ఏమేం కాలమ్స్ పెట్టాలి?

మూడు తప్పనిసరి: ఐడీ, పేరెంట్ ఐడీ, పేరు. ఎవరి మెయిల్‌బాక్సో తెలియడానికి యూజర్ ఐడీ, తోబుట్టువుల వరుస కోసం ఒక క్రమసంఖ్య ఉంటే మంచిది. 2016 అక్టోబర్ తర్వాత మన వ్యాపారి ఫోల్డర్లు ఇలా ఉండేవి అనుకోండి:

ఐడీ 1 – పేరెంట్ లేదు – డీలర్లు
ఐడీ 2 – పేరెంట్ 1 – వరంగల్ అర్బన్
ఐడీ 3 – పేరెంట్ 1 – వరంగల్ రూరల్
ఐడీ 4 – పేరెంట్ 2 – కాజీపేట
ఐడీ 5 – పేరెంట్ 2 – హన్మకొండ
ఐడీ 6 – పేరెంట్ 3 – పరకాల
ఐడీ 7 – పేరెంట్ 3 – నర్సంపేట

పుస్తకాల్లో దీన్ని అడ్జసెన్సీ లిస్ట్ అంటారు. ప్రతి వరుసా "మా అమ్మ ఫలానా" అని మాత్రమే చెబుతుంది. నానమ్మ ఎవరో, ముత్తవ్వ ఎవరో దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2019లో వచ్చిన జేమాప్ అనే మెయిల్ ప్రమాణంలోనూ ఫోల్డర్‌కు ఇదే ఆకారం: ఒక ఐడీ, ఒక పేరు, ఒక పేరెంట్ ఐడీ, ఒక క్రమసంఖ్య. పేరెంట్ ఖాళీగా ఉంటే పై వరుస ఫోల్డర్ అన్నట్టు.

ఐడీ దగ్గర ఒక్క మాట. అది సంఖ్య కావచ్చు, అర్థంలేని అక్షరాల గుంపు కావచ్చు. పేరును మాత్రం ఐడీగా వాడకండి. పేరు మనుషుల కోసం. అది మారుతుంది, ఒకే పేరు రెండు చోట్ల ఉంటుంది.

"డీలర్లు/వరంగల్ రూరల్/నర్సంపేట" అని మొత్తం దారి ఒకే కాలమ్‌లో రాసేస్తే ఈజీ కదా?

ఈజీయే. నేనూ అలాగే రాశాను, అలాగే దెబ్బతిన్నాను.

ఒక వ్యాపారికి మెయిల్స్ సర్దిపెట్టే చిన్న అప్లికేషన్ చేసిచ్చాను. ఫోల్డర్‌కు ఐడీ లేదు, దారే దాని గుర్తింపు. 2021లో జిల్లాల పేర్లు మారాయి. వాళ్ల గుమాస్తా "వరంగల్ రూరల్" ఫోల్డర్ పేరును "వరంగల్" అని మార్చాడు. అర్బన్ సంగతి తర్వాత చూద్దామని వదిలేశాడు. కొన్నాళ్లకు ఆ వరంగల్ ఫోల్డర్‌ను "పాత ఖాతాలు" కిందికి జరిపాడు. నా క్వెరీ, అంటే డేటాబేస్‌కు నేను రాసిన ఆదేశం, ఏం చేసింది? "డీలర్లు/వరంగల్" తో మొదలయ్యే ప్రతి దారినీ పట్టుకుంది. "డీలర్లు/వరంగల్ అర్బన్" కూడా అలాగే మొదలవుతుంది కదా! అర్బన్ ఫోల్డరూ, దాని కింద కాజీపేట, హన్మకొండ, అన్నీ కలిసి పాత ఖాతాల్లోకి పోయాయి. పొద్దున్నే ఫోన్: "మా మెయిల్స్ అన్నీ ఎటు పోయినయ్?" టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మెయిల్స్ పోలేదు గానీ, ఏది ఎక్కడిదో తిరిగి సర్దడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తప్పు సరిచేయడం సులువే. వెతికేటప్పుడు చివర స్లాష్ కూడా పెట్టి "డీలర్లు/వరంగల్/" తో మొదలయ్యేవి, వాటితో పాటు సరిగ్గా "డీలర్లు/వరంగల్" అనే ఒక్క వరుస, ఇంతే తీసుకోవాలి. ఫోల్డర్ పేరులో స్లాష్‌ను రానివ్వకూడదు. "10% డిస్కౌంట్" లాంటి పేరులోని % గుర్తును డేటాబేస్ "ఏదైనా సరే" అనే అర్థంలో తీసుకుంటుంది కాబట్టి దాన్నీ కట్టడి చేయాలి. ఇవన్నీ గుర్తుంచుకోగలిగితే దారి కాలమ్ పెట్టుకోండి, కానీ అదనంగానే. గుర్తింపు ఐడీదే. దారి అనేది ఐడీల నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తయారుచేసుకోగలిగేది.

నెస్టెడ్ సెట్, క్లోజర్ టేబుల్ అని వీడియోల్లో చెప్తున్నారు. అవి కూడా కావాలా?

మెయిల్ ఫోల్డర్లకు సాధారణంగా అక్కర్లేదు. ఎందుకో లెక్కతో చూడండి.

నెస్టెడ్ సెట్‌లో ప్రతి ఫోల్డర్‌కు ఎడమ, కుడి అని రెండు సంఖ్యలిస్తారు. ట్రీ చుట్టూ ఒక చీమ నడుస్తూ దిగేటప్పుడు ఎడమ సంఖ్య, ఎక్కేటప్పుడు కుడి సంఖ్య రాసుకుంటూ పోయినట్టు. డీలర్లు, దాని కింద రెండు జిల్లాలు, ఒక్కో జిల్లాకు రెండు మండలాలు, మొత్తం 7 ఫోల్డర్లుంటే 1 నుంచి 14 దాకా సంఖ్యలు వస్తాయి. ఒక ఫోల్డర్ లోపలివన్నీ దాని రెండు సంఖ్యల మధ్యలో ఉంటాయి కాబట్టి చదవడం చాలా వేగం. మరి మొదటి జిల్లాలోని మొదటి మండలం కాజీపేట కింద "మడికొండ" అని కొత్త ఫోల్డర్ పెట్టండి. ఉన్న 7 వరుసలూ మారతాయి, ఒక్కటీ మిగలదు. జనం ఫోల్డర్లను రోజూ చేస్తారు, జరుపుతారు. ఈ పద్ధతి ఎప్పుడో గానీ మారని జాబితాలకు బాగుంటుంది.

క్లోజర్ టేబుల్‌లో ప్రతి ఫోల్డర్‌కూ దాని పూర్వీకులందరితో ఉన్న సంబంధాన్ని విడివిడిగా రాస్తారు, తనతో తనకున్నది కూడా. ఆ 7 ఫోల్డర్లకే 17 వరుసలవుతాయి. వెతకడం వేగం, జరపడం కొంచెం పని. వేలమంది వాడే పెద్ద సర్వర్ రాస్తున్నప్పుడు ఆలోచించండి. మినీ ప్రాజెక్టుకు పేరెంట్ ఐడీ చాలు.

ఒక ఫోల్డర్ కింద ఎంత లోతున్నా అన్నీ ఒకే క్వెరీలో రావాలంటే ఎట్ల?

"విత్ రికర్సివ్" అనే క్వెరీ ఉంది. మొదట కావలసిన ఫోల్డర్‌ను తీసుకుంటుంది, తర్వాత దాని పిల్లల్ని, తర్వాత వాళ్ల పిల్లల్ని, కొత్తవి దొరకనంత వరకూ పోతూనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో 8.4 నుంచి, ఎస్‌క్యూలైట్‌లో 3.8.3 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఇది పనిచేస్తుంది. ల్యాబ్ కంప్యూటర్లలో మైఎస్‌క్యూఎల్ 5.7 ఉంటే మాత్రం సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అది మీ తప్పు కాదు, వెర్షన్ తప్పు. పేరెంట్ ఐడీ కాలమ్‌కు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) పెట్టడం మరవకండి. "ఈ ఫోల్డర్‌లోనూ లోపలి ఫోల్డర్లలోనూ వెతుకు" అనే సదుపాయం ఇవ్వాలన్నా ఇదే దారి: ముందు ఆ ఐడీలన్నీ తెచ్చుకుని, తర్వాత మెయిల్స్ టేబుల్‌లో ఆ ఐడీలున్న వాటిని అడగండి.

ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పడకుండా పెట్టిన, అయినా "మెయిల్" అని రెండు కనిపిస్తున్నయ్. ఎందుకు?

పేర్లు తెలుగులోవైతే ముందు కనిపించని అక్షరం కోసం చూడండి. "ఇన్‌బాక్స్" అని టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత వత్తు పడకుండా మన కీబోర్డులు ఒక సున్నా వెడల్పు అక్షరాన్ని పెడతాయి. మాట మధ్యలో దానికి పనుంది. మాట చివర మిగిలిపోతే కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు మాత్రం అది వేరే పేరు. దాచుకునే ముందు పేరు మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీల్ని, ఈ అక్షరాన్ని కత్తిరించండి. మధ్యలోది తీయొద్దు, మాట రూపం చెడిపోతుంది. ఇక పేరు ఒక్కటే ఉండాలనే నిబంధన మొత్తం మెయిల్‌బాక్స్‌కు కాదు, ఒకే పేరెంట్ కింద మాత్రమే పెట్టాలి. హన్మకొండ జిల్లాలో హన్మకొండ మండలం ఉంది మరి. ఇంకో చిక్కు: పై వరుస ఫోల్డర్లకు పేరెంట్ ఖాళీ. చాలా డేటాబేస్‌లు రెండు ఖాళీల్ని సమానంగా చూడవు, అందుకే యూనిక్ నిబంధన అక్కడ పట్టదు. కనిపించని రూట్ నోడ్ (అన్నింటికన్నా పైనుండేది) ఒకటి పెట్టి అన్నింటినీ దాని కింద వేలాడదీస్తే ఆ గొడవ ఉండదు.

## తెర మీద చూపేటప్పుడు

300 ఫోల్డర్లుంటే పేజీ తెరుచుకునేసరికి చాయ్ తాగి రావచ్చు. ఏం చేయాలి?

మీ కోడ్ ప్రతి ఫోల్డర్ దగ్గరా ఆగి "నీ పిల్లలెవరు?" అని డేటాబేస్‌ను అడుగుతోంది. 300 ఫోల్డర్లు, 300 క్వెరీలు. ఒకే క్వెరీతో ఆ యూజర్ ఫోల్డర్లన్నీ తెచ్చుకోండి. డిక్షనరీలో ఐడీ తాళంచెవిగా, నోడ్ విలువగా పెట్టండి. తర్వాత ఇంకొక్కసారి అన్నింటినీ చూస్తూ ప్రతి నోడ్‌ను దాని పేరెంట్ పిల్లల జాబితాలో చేర్చండి. రెండు చుట్లలో ట్రీ మొత్తం తయారు. పేరెంట్ కోసం ప్రతిసారీ జాబితా అంతా వెతికే డబుల్ లూప్ రాశారంటే మాత్రం 300 కాస్తా 90,000 అవుతుంది.

ప్రీఆర్డర్, పోస్ట్‌ఆర్డర్, లెవెల్ ఆర్డర్... వీటిలో ఏది వాడాలి?

పనిని బట్టి. పక్క పట్టీలో చూపడానికి ప్రీఆర్డర్: ముందు పేరెంట్, దాని కింద కొంచెం లోపలికి జరిపి పిల్లలు. తీసేయడానికి, లెక్కలు కూడడానికి పోస్ట్‌ఆర్డర్: ముందు పిల్లలు, చివర పేరెంట్. కొత్త సర్వర్‌లో ఫోల్డర్లన్నీ మళ్లీ చేయాలంటే లెవెల్ ఆర్డర్ (ఒక మెట్టు పూర్తయ్యాకే దాని కింది మెట్టు) గానీ ప్రీఆర్డర్ గానీ వాడాలి, ఎందుకంటే పేరెంట్ లేకుండా పిల్లను పెట్టే చోటుండదు.

లోపలి ఫోల్డర్‌లో చదవని మెయిల్ ఉంటే పై ఫోల్డర్ పక్కన కూడా సంఖ్య పడాలి. ఎట్ల లెక్కించాలి?

మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు గుర్తు తెచ్చుకోండి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు దిగువ చెరువులోకి పోతాయి. ఎగువన ఎన్ని చెరువులున్నా వాటి నీళ్లన్నీ కలిసేది దిగువన ఉన్న ఒక్క చెరువులోనే. ఫోల్డర్ల లెక్కా అంతే, కాకపోతే ఇక్కడ బొమ్మ తలకిందులు: లోపలి ఫోల్డరే ఎగువ చెరువు, పేరెంటే దిగువ చెరువు. ఎగువవి తేలకుండా దిగువది తేలదు. అందుకే పిల్లల లెక్క అయ్యాకే పేరెంట్ లెక్క, అంటే పోస్ట్‌ఆర్డర్.

కాజీపేటలో చదవనివి 4, హన్మకొండలో 7, వాటి పైనున్న అర్బన్ ఫోల్డర్‌లో నేరుగా 2. అర్బన్ మొత్తం 13. రూరల్‌లో నేరుగా 1, దాని కింద నర్సంపేటలో 5, పరకాలలో ఏమీ లేవు. రూరల్ మొత్తం 6. అన్నింటికీ పైనున్న డీలర్లలో నేరుగా 3. మొత్తం 22.

సొంత సంఖ్య, మొత్తం సంఖ్య, ఈ రెంటినీ వేర్వేరుగా ఉంచండి. ఒకే కాలమ్‌లో కలిపేస్తే రెండోసారి లెక్కించినప్పుడు 22 కాస్తా 40 దాటుతుంది. ఎందుకు పెరిగిందో కనిపెట్టలేక మీ టీంలో గొడవలవుతాయి, చూశాను. కొత్త మెయిల్ వచ్చిన ప్రతిసారీ ట్రీ అంతా తిరగనక్కర్లేదు. అది పడ్డ ఫోల్డర్ నుంచి పేరెంట్ పేరెంట్ అనుకుంటూ పైదాకా ఒక్కో మెట్టుకు 1 కలుపుతూ పోతే చాలు. చదివితే 1 తీసేస్తూ పోండి. ఫోల్డర్‌ను జరిపితే దాని మొత్తాన్ని పాత పూర్వీకుల్లోంచి తీసేసి కొత్త పూర్వీకులకు కలపాలి.

మెయిల్ సర్వర్ ఈ పని చేసిపెడుతుందని ఎదురుచూడకండి. మెయిల్ యాప్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతుల్లో ఒకటి ఐమాప్. ఐమాప్‌లో స్టేటస్ అడిగితే ఆ ఒక్క ఫోల్డర్‌లో చదవనివే చెబుతుంది. లోపలివి కూడడం మీ పనే.

రికర్షన్ రాస్తే స్టాక్ నిండిపోయిందని ఎర్రర్ వస్తోంది. లూప్ రాయాలా?

రికర్షన్ అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం. ముందు డేటా చూడండి. పైథాన్‌లో రికర్షన్ హద్దు మామూలుగా 1000. మనుషులెవరూ ఫోల్డర్లను 1000 మెట్ల లోతుకు పెట్టుకోరు. అంత లోతు వచ్చిందంటే మీ ట్రీలో ఎక్కడో చక్రం పడింది, కోడ్ అక్కడే గిరగిరా తిరుగుతోంది. హద్దు పెంచితే ఎర్రర్ ఆలస్యంగా వస్తుంది, అంతే.

## జరపడం, పేరు మార్చడం, తీసేయడం

జిల్లా పేరు మారింది, పైగా ఒక మండలం వేరే జిల్లాకు పోయింది. ఎన్ని వరుసలు మార్చాలి?

నిజంగా జరిగినదే చూద్దాం. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. రూరల్‌లో ఉన్న పరకాల హన్మకొండ జిల్లాలోకి వచ్చింది. ఫోల్డర్ల టేబుల్‌లో అర్బన్ ఐడీ 2, రూరల్ ఐడీ 3, పరకాల ఐడీ 6, దాని పేరెంట్ 3 అనుకోండి. చేయాల్సినవి మూడే మార్పులు: ఐడీ 2 పేరు "హన్మకొండ", ఐడీ 3 పేరు "వరంగల్", ఐడీ 6 పేరెంట్ 2. పరకాల లోపల ఊరూరికీ ఫోల్డరున్నా, ఒక్కో ఫోల్డర్‌లో వేల మెయిల్స్ ఉన్నా, వాటిని ముట్టుకోం. అవి పరకాలను పట్టుకుని ఉన్నాయి, జిల్లాను కాదు.

దారినే గుర్తింపుగా పెట్టుకుని ఉంటే ఈ మూడు మార్పులకు ఆ జిల్లాల కిందున్న ప్రతి వరుసా తిరగరాయాలి. మధ్యలో కరెంటు పోతే సగం పాత పేరు, సగం కొత్త పేరు.

ఫోల్డర్‌ను పొరపాటున దాని లోపలి ఫోల్డర్‌లోకే లాగితే ఏమవుతుంది?

ఆ కొమ్మ మొత్తం చెట్టు నుంచి తెగి గాలిలో తేలుతుంది. రూట్ నుంచి చూస్తే కనిపించదు, కానీ టేబుల్‌లో ఉంటుంది. డీలర్లను నర్సంపేట లోపలికి లాగారనుకోండి: నర్సంపేటకు పేరెంట్ వరంగల్, వరంగల్‌కు పేరెంట్ డీలర్లు, డీలర్లకు పేరెంట్ నర్సంపేట. పైకి ఎక్కే కోడ్ ఏదైనా ఇందులో పడితే బయటికి రాదు.

తప్పించడం సులభం. జరపబోయే ముందు, ఎక్కడికి జరుపుతున్నారో ఆ ఫోల్డర్ దగ్గర మొదలుపెట్టి పేరెంట్లను పట్టుకుని పైకి ఎక్కండి. దారిలో జరిపే ఫోల్డర్ తగిలితే "కుదరదు" అనండి. రూట్ దాకా తగలకపోతే జరపండి. నాలుగు మెట్ల ట్రీలో నాలుగు అడుగులే. ఈ పరీక్ష సర్వర్‌లోనే ఉండాలి. తెర మీద లాగకుండా ఆపాం కదా అని వదిలేస్తే, ఫోన్ యాప్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌ను ఎవరు ఆపుతారు?

ఫోన్‌లో ఒకరు, ల్యాప్‌టాప్‌లో ఒకరు ఒకేసారి జరిపితే?

ఇది అడిగిన అమ్మాయికి ఆ రోజు మా ఆఫీసులో సమోసాలు నా ఖర్చు. ఒకరు పరకాలను నర్సంపేటలోకి, ఇంకొకరు నర్సంపేటను పరకాలలోకి ఒకే క్షణంలో జరిపారనుకోండి. విడివిడిగా చూస్తే రెండు పరీక్షలూ పాసవుతాయి. రెండూ రాసేశాక చక్రం తయారు. అందుకే పరీక్షించడం, రాయడం (జరిగితే అన్నీ జరిగే, లేకపోతే ఏదీ జరగని) ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. అంతేకాదు, ఆ యూజర్ ఫోల్డర్ల మీద తాళం కూడా వేయాలి. ఉత్త ట్రాన్సాక్షన్ చాలదు, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు వరుసలు రాస్తున్నారు, డేటాబేస్‌కు గొడవేమీ కనిపించదు. సులువైన ఉపాయం: యూజర్ టేబుల్‌లో ఆ యూజర్ వరుసకు ముందు తాళం వేసి, తర్వాతే ఫోల్డర్లు ముట్టుకోండి.

ఫోల్డర్ డిలీట్ చేస్తే లోపలివి ఏం కావాలి?

మీరు నిర్ణయించాలి, ఆ నిర్ణయాన్ని తెర మీద చెప్పాలి. నా ఓటు ట్రాష్‌కే: ఫోల్డర్ పేరెంట్‌ను ట్రాష్ ఐడీగా మార్చేస్తే కొమ్మ మొత్తం అక్కడికి పోతుంది. పాత పేరెంట్ ఐడీని ఇంకో కాలమ్‌లో రాసిపెట్టుకోండి, తిరిగి తెచ్చేటప్పుడు కావాలి. ఆ పాత పేరెంట్ కూడా ఈలోపు పోయుంటే పై వరుసలో పెట్టండి. నిజంగా తుడిచేయాల్సి వచ్చినప్పుడు కింది నుంచి పైకి, మెయిల్స్, తర్వాత పిల్ల ఫోల్డర్లు, చివర పేరెంట్.

## అసలు సర్వర్‌తో కలిపేటప్పుడు

ఐమాప్ సర్వర్ నుంచి ట్రీ వస్తుందా, లిస్టు వస్తుందా?

లిస్టే వస్తుంది, పూర్తి దారులతో. ట్రీ మీరు కట్టుకోవాలి. ప్రతి పేరుతో పాటు విడదీసే గుర్తు ఏదో కూడా సర్వర్ చెబుతుంది. కొన్ని చోట్ల స్లాష్, కొన్ని చోట్ల చుక్క. స్లాష్ అని కోడ్‌లో రాసేసుకుంటే ఇంకో సర్వర్ దగ్గర ట్రీ అంతా ఒకే వరుసలో పడుతుంది. లిస్ట్ కమాండ్‌లో * పెడితే ఎంత లోతున్నవైనా వస్తాయి, % పెడితే ఒక్క మెట్టు మాత్రమే. పెద్ద మెయిల్‌బాక్స్‌లకు % తో ఒక్కో మెట్టు తెచ్చుకోవడం మేలు. లోపల పిల్లలున్నాయో లేవో చెప్పే గుర్తులు కూడా చాలా సర్వర్లు ఇస్తాయి, పక్కన బాణం చూపాలో వద్దో వాటితో తెలుస్తుంది. ఇన్‌బాక్స్ పేరు ఒక్కదానికి పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా ఉండదు.

తెలుగు ఫోల్డర్ పేరు & గుర్తుతో మొదలై పిచ్చి అక్షరాలుగా కనిపిస్తోంది. డేటా పాడైందా?

లేదు. పాత ఐమాప్‌లో ఫోల్డర్ పేర్లు సవరించిన యూటీఎఫ్-7 అనే రూపంలో ప్రయాణిస్తాయి. & తో మొదలై - తో ముగుస్తాయి. తెలుగు అక్షరంతో మొదలయ్యే పేరైతే & వెనకే ఎప్పుడూ ఇంగ్లిష్ డీ వస్తుంది, మన లిపికి యూనికోడ్‌లో ఇచ్చిన చోటు అలాంటిది. "వరంగల్" లో 6 యూనికోడ్ అక్షరాలున్నాయి, ఈ రూపంలో అది 18 అక్షరాలవుతుంది. తెచ్చుకున్నాక విప్పండి, పంపేటప్పుడు మళ్లీ చుట్టండి. 2021లో వచ్చిన కొత్త ఐమాప్ ప్రమాణం యూటీఎఫ్-8 కు మారింది.

ఈ పొడవుతో ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని సర్వర్లు ట్రీ మొత్తాన్ని డిస్క్ మీద ఒకే వరుస డైరెక్టరీలుగా, చుక్కలతో కలిపిన పేర్లతో దాస్తాయి. లినక్స్‌లో ఒక పేరు మామూలుగా 255 బైట్లు దాటకూడదు. పొడుగాటి తెలుగు పేర్లతో ఐదారు మెట్లు దిగితే ఆ హద్దు తగులుతుంది.

వెబ్‌లో పేరు మారిస్తే ఫోన్‌లో మెయిల్స్ అన్నీ మళ్లీ డౌన్‌లోడ్ అవుతున్నయ్. ఎందుకు?

ఐమాప్‌లో మొదట్నుంచీ ఫోల్డర్‌కు పేరు తప్ప వేరే గుర్తింపు లేదు. "వరంగల్ రూరల్" మాయమై "వరంగల్" కొత్తగా కనిపిస్తే, పాతది పోయి కొత్తది వచ్చిందని ఫోన్ అనుకుంటుంది. 2018లో వచ్చిన ఆబ్జెక్ట్ ఐడీ అనే పొడిగింపుతో సర్వర్ ప్రతి ఫోల్డర్‌కూ మారని ఐడీ ఇవ్వగలదు. సర్వర్‌లో అది ఉంటే వాడండి.

సర్వర్‌లో తీసేసిన ఫోల్డర్ పేరు ఇంకా కనిపిస్తోంది, తెరిస్తే తెరుచుకోదు.

దాని లోపల పిల్ల ఫోల్డర్లున్నాయి. ఐమాప్‌లో డిలీట్ అంటే ఆ ఒక్క ఫోల్డర్‌కే, లోపలివి పోవు. పేరెంట్‌లోని మెయిల్స్ పోయి, పేరు మాత్రం "ఎంచుకోలేనిది" అనే గుర్తుతో పిల్లల కోసం మిగులుతుంది. ట్రీలో దాన్ని ఉంచండి, బూడిద రంగులో చూపండి, నొక్కనివ్వకండి. పిల్లలూ పోవాలంటే కింది నుంచి పైకి ఒక్కొక్కటే మీరే తీయాలి. జేమాప్ అయితే పిల్లలున్న ఫోల్డర్‌ను తీయబోతే ఒప్పుకోకుండా ఎర్రర్ ఇస్తుంది. నాకదే నచ్చుతుంది.

## వైవా ముందు రోజు

కాంప్లెక్సిటీ అడుగుతరు కదా, ఏం చెప్పాలి?

కాంప్లెక్సిటీ అంటే డేటా పెరిగేకొద్దీ పని ఎంత పెరుగుతుందనే లెక్క. ట్రీ కట్టడం, చూపడం, మొత్తాలు కూడడం: ఫోల్డర్ల సంఖ్యను బట్టి. జరపడం, చక్రం పరీక్ష, కొత్త మెయిల్‌కు సంఖ్య పెంచడం: లోతును బట్టి. పేరు మార్చడం: స్థిరం. లాగ్ (డేటా రెట్టింపైనా పని కొంచెమే పెరగడం) అని మాత్రం అనకండి. ఇది బ్యాలెన్స్ చేసిన ట్రీ కాదు. మీ డేటాబేస్ ఇండెక్స్ లోపల బీ-ట్రీ అనే బ్యాలెన్స్ చేసిన ట్రీ ఉంటుంది, లాగ్ దానిది.

"ఇంకెక్కడైనా ట్రీ ఉందా మీ ప్రాజెక్టులో?" అని అడిగితే?

ఉంది, చాలామంది చెప్పరు. జవాబుల గొలుసు. ప్రతి మెయిల్ హెడర్‌లో అది ఏ మెయిల్‌కు జవాబో, దాని ముందున్నవి ఏవో వాటి మెసేజ్ ఐడీలతో రాసి ఉంటుంది. వాటిని పట్టుకుని కడితే సంభాషణ ట్రీగా వస్తుంది. ఫోల్డర్లతో పోలిస్తే ఇక్కడ ఒక తేడా ఉంది: పేరెంట్ మెయిల్ మీ దగ్గర లేకపోవచ్చు, ఎవరో డిలీట్ చేసి ఉండొచ్చు, లేదా మిమ్మల్ని మధ్యలో చేర్చి ఉండొచ్చు. అప్పుడు ఆ చోట ఖాళీ నోడ్ ఒకటి పెట్టి, పిల్లల్ని దాని కింద వేలాడదీస్తారు. ఆ ఖాళీ నోడ్ బొమ్మ బోర్డు మీద గీసి చూపించండి. నేను చూసినంతలో ఎగ్జామినర్ అక్కడితో తర్వాతి టీంను పిలుస్తారు.